వదులైన నట్టు – వదలని మచ్చ



పోయిన నెల ఈ శీర్షికలో చేతిపంపు వాషర్ల గురించి వ్రాశాము. దానికి వచ్చిన ఉత్తరాల్లో ఒకటి మమ్మల్ని కాసేపు కుర్చీలోంచి లేవనివ్వలేదు. ప్రకాశం జిల్లా నుండి ఒక సహోదరుడు ఇలా వ్రాశారు: “మా నాన్నగారి పాత జావా బండిని బాగుచేయించి వాడుకుంటున్నాను. బండి బాగానే నడుస్తుంది గాని, సైలెన్సర్ బెండు పైపు నట్టు ఎంత బిగించినా నెల తిరగకుండా వదులవుతోంది. మెకానిక్కును అడిగితే పాత బండికి అది మామూలే అంటున్నాడు. నిజంగా మామూలేనా?”

సహోదరా, వదులవడం మామూలే. వదులుగా వదిలేయడం మాత్రం మామూలు కాకూడదు. ఈ రెంటికీ ఉన్న తేడా తెలుసుకోవడానికి మేము చెల్లించిన వెల మా రెండవవాడి కుడి కాలి మీద ఈనాటికీ కనబడుతుంది. గనుక ఈ నెల ఆ నట్టు సంగతే వ్రాస్తున్నాము. పాత బండి లేనివారు కూడా చివరి వరకూ చదవండి. కాలిన గాయం గురించి, మూసిన గదిలో ఇంజను పొగ గురించి చివర్లో చెప్పిన మాటలు ప్రతి ఇంటికీ పనికొస్తాయి.

ఈ బండి కథ కొంచెం

జావా అనే పేరు 1929లో చెకోస్లొవేకియా దేశంలో పుట్టింది. యానెచెక్ అనే పారిశ్రామికవేత్త వాండరర్ అనే జర్మన్ కంపెనీ నుండి మోటారు సైకిలు తయారీ హక్కు కొన్నాడు. ఆ రెండు పేర్ల మొదటి అక్షరాలు కలిపితే జావా అయింది. మన దేశంలో 1961 నుండి మైసూరులోని ఐడియల్ జావా కర్మాగారంలో ఈ బండ్లు తయారయ్యాయి. 1973 నుండి యెజ్డీ అనే పేరుతో వచ్చాయి. 1996లో ఆ కర్మాగారం మూతపడింది. 2018లో జావా పేరుతో, 2022లో యెజ్డీ పేరుతో మళ్ళీ బండ్లు వచ్చాయి గాని అవి నాలుగు స్ట్రోకుల ఇంజన్లు, వాటి కథ వేరు. మనం మాట్లాడుకునేది ఆ పాత రెండు స్ట్రోకుల 250 సి.సి. బండి గురించి.

దానికి సిలిండరు ఒక్కటే అయినా పొగ పోయే దారులు రెండు. అందుకే కుడిపక్కన ఒకటి, ఎడమపక్కన ఒకటి రెండు బెండు పైపులు, రెండు సైలెన్సర్లు. ప్రతి పైపూ సిలిండరు మూతి దగ్గర ఒక పెద్ద గుండ్రటి నట్టుతో బిగుస్తుంది. నట్టు చుట్టూ గాడులుంటాయి. మామూలు పానా దానికి పట్టదు. కొక్కెంలా వంగిన సి-స్పానర్ కావాలి. బండి వెనక భాగంలో సైలెన్సర్ను ఛాసిస్‌కు పట్టి ఉంచే బోల్టు ఇంకొకటి ఉంటుంది. ఈ వెనక బోల్టును గుర్తుపెట్టుకోండి. అసలు దొంగ చాలాసార్లు అక్కడే ఉంటాడు.

ఆ రాత్రి

మేము 1979లో ఒక సెకండ్ హ్యాండు జావా కొన్నాము. అప్పట్లో తెనాలికి పది పన్నెండు కిలోమీటర్ల దూరంలో ఒక పల్లెటూరి బడిలో పని. బడికి, సంతకు, బంధువుల ఇళ్ళకు, ఆదివారం ఆరాధనకు అన్నిటికీ అదే బండి. పెద్దవాడు వెనక వాళ్ళమ్మకూ మాకూ నడుమ, చిన్నవాడు ముందు పెట్రోలు ట్యాంకు మీద. ఆ రోజుల్లో అందరూ అలాగే వెళ్ళేవారు. తప్పని ఎవరికీ తోచలేదు.

1988 సెప్టెంబరులో బండి కుడిపక్క నుండి ‘టప్ టప్’ అని ఒక కొత్త శబ్దం మొదలైంది. కిక్ కొట్టిన వెంటనే ఎక్కువగా వినబడేది, బండి వేడెక్కాక కొంచెం తగ్గేది. నట్టు కింద సిలిండరు రెక్కల మీద నల్లటి జిడ్డు కారి ఉండేది. మా శ్రీమతి రెండుసార్లు అడిగారు, “ఏమండీ, బండి దగ్గుతోంది, చూపించరాదూ?” అని. క్వార్టర్లీ పరీక్షల పేపర్లు దిద్దడం అయిపోయాక చూపిస్తామన్నాము. చేత్తో తిప్పి చూస్తే నట్టు కదిలింది. చేత్తోనే బిగించి, పని అయిపోయిందనుకున్నాము. అలా మూడు వారాలు గడిచాయి.

ఒక రాత్రి ఎనిమిది గంటలప్పుడు చిన్నవాడికి జ్వరం పెరిగి ఒళ్ళు పెనంలా కాలిపోతోంది. వాడికప్పుడు ఆరేళ్ళు. పెద్దవాణ్ణి పక్కింట్లో ఉంచి, చిన్నవాణ్ణి దుప్పటిలో చుట్టి ట్యాంకు మీద కూర్చోబెట్టుకుని, వాళ్ళమ్మ వెనక కూర్చోగా తెనాలి బయలుదేరాము. కాలువ గట్టు రోడ్డు, అడుగడుగునా గుంటలు. సగం దూరం వెళ్ళామో లేదో ఒక గుంటలో బండి ఎగిరిపడింది. మరుక్షణం తుపాకి పేలినట్టు చప్పుడు. కుడిపక్క నట్టు ఊడి ఎక్కడో చీకట్లో పడిపోయింది. బెండు పైపు మూతి సిలిండరు నుండి జారి కిందికి వాలింది. సిలిండరులోంచి వచ్చే నిప్పులాంటి గాలి నేరుగా వాడి పిక్క మీద కొట్టింది. బండి ఆపి ఇంజను కట్టేసేలోపు దుప్పటి అంచు మాడింది, వాడి కాలు కాలింది.

మా శ్రీమతి మాట్లాడకుండా వాణ్ణి ఎత్తుకుని గట్టు దిగి కాలువ నీళ్ళు దోసిళ్ళతో కాలి మీద పోస్తూ కూర్చున్నారు. మేము రోడ్డు మీద చేతులూపుతూ నిలబడ్డాము. పావుగంట పైనే అయ్యాక ధాన్యం బస్తాలతో వెళ్తున్న ఒక ట్రాక్టరు ఆగింది. ఆసుపత్రిలో డాక్టరుగారు పిల్లవాణ్ణి చూసి, “జ్వరంతో తెచ్చారా, కాలిన గాయంతో తెచ్చారా?” అని అడిగారు. మేము జవాబు చెప్పలేకపోయాము. ఇంటి దగ్గర బయలుదేరినప్పుడు వాడికి జ్వరం ఒక్కటే ఉంది. రెండవది మేము దారిలో చేర్చినది.

జ్వరం నాలుగు రోజుల్లో తగ్గింది. కాలు మానడానికి నెలన్నర పట్టింది. పిక్క మీద రూపాయి బిళ్ళకంటె పెద్ద మచ్చ మిగిలింది.

సాయిబు గారి పాఠం

మర్నాడు బండిని తెనాలిలో ఒక నిద్రగన్నేరు చెట్టు కింద షెడ్డు వేసుకున్న పెద్ద మెకానిక్కు దగ్గరికి చేర్చాము. అందరూ ఆయనను సాయిబు గారు అనేవారు. ఆయన సిలిండరు మూతి మీద వేలు పెట్టి నిమిరి, మా వేలు కూడా అక్కడ పెట్టించారు. మరలు ఉండవలసిన చోట నున్నగా తగిలింది.

“చూశారా మాస్టారూ, నట్టు ఒక్క రాత్రిలో ఊడలేదు. మూడు వారాలుగా లోపల సుత్తితో కొట్టినట్టు కొట్టుకుని మరలన్నీ అరగదీసింది. మీరు చేత్తో బిగించిన రోజునే ఇక్కడికి వచ్చుంటే ఒక వాషరుతో పోయేది. ఇప్పుడు సిలిండరు లేతుకు ఎక్కాలి” అన్నారు.

లేతు మిషను మీద ఆ మూతికి కొత్తగా మరలు తీయించి, దానికి సరిపడే నట్టు చేయించడానికి మా ఆ నెల జీతంలో మంచి భాగమే పోయింది. ఆ రెండు రోజులూ సాయిబు గారి పక్కన ముక్కాలి పీట వేసుకుని కూర్చుని, ఆయన చేసేది చూసి నేర్చుకున్నాము. ఆయన ఇప్పుడు లేరు. ఆయన చెప్పినదీ, తర్వాత మా చేతులు నేర్చుకున్నదీ ఇక్కడ వ్రాస్తున్నాము.

ఎందుకు వదులవుతుంది?

మొదటి కారణం వేడి. మీటరు పొడవున్న ఇనుప కడ్డీ 100 డిగ్రీలు వేడెక్కితే ఇంచుమించు 1.2 మిల్లీమీటర్లు సాగుతుంది. చల్లారితే మళ్ళీ ముడుచుకుంటుంది. బెండు పైపు అంతకంటె ఎక్కువే వేడెక్కుతుంది. బండి బయలుదేరిన ప్రతిసారీ సాగుతుంది, ఆగిన ప్రతిసారీ ముడుచుకుంటుంది. నట్టు ఈ లాగుడు పీకుడు రోజూ భరించాలి.

రెండవది అదురు. రెండు స్ట్రోకుల ఇంజను చక్రం తిరిగిన ప్రతిసారీ ఒకసారి పేలుతుంది. నిమిషానికి 3000 చుట్లు తిరుగుతుంటే సెకనుకు 50 పేలుళ్ళు. ఆ దెబ్బలన్నీ నట్టుకు తగులుతాయి.

మూడవది వాషరు. నట్టుకూ పైపుకూ మధ్య ఉండే మెత్తటి వాషరు వేడికి, వత్తిడికి కొంచెం కొంచెంగా అణిగిపోతుంది. వాషరు పలచబడితే నట్టు తిరగకుండానే వదులవుతుంది. కొత్త వాషరు వేసిన మొదటి వారంలో నట్టు వదులైందంటే కారణం చాలావరకు ఇదే.

నాల్గవది ఇందాక చెప్పిన దొంగ, వెనక బోల్టు. సైలెన్సర్ను పట్టి ఉంచే ఆ బోల్టు వదులైతే, లేక పట్టీ విరిగితే, సైలెన్సర్ బరువంతా ముందున్న నట్టు మీద వేలాడుతుంది. పొడవైన గడ్డపారతో రాయిని కదిలించినట్టు, ప్రతి గుంటలోనూ ఆ పైపు నట్టును కదిలిస్తుంది. ఉత్తరం వ్రాసిన సహోదరుడు మొదట చూడవలసింది ఇదే. ముందు నట్టును నెలనెలా బిగిస్తూ వెనక బోల్టును చూడకపోతే, చిల్లు కుండలో నీళ్ళు పోసినట్టే.

ఐదవది మసి. పెట్రోలులో ఆయిలు ఎక్కువ కలిపితే సైలెన్సర్ లోపలి గొట్టం మసితో పూడుకుపోతుంది. పొగ పోయే దారి ఇరుకైతే వత్తిడి వెనక్కి తన్ని, అతుకు ఎక్కడ బలహీనంగా ఉంటే అక్కడ నుండి బయటికి వస్తుంది. ఆయిలు కొలిచి కలపాలి గాని చేతి వాటంగా పోయకూడదు. 1:25 పాళ్ళలో కలపాలంటే 5 లీటర్ల పెట్రోలుకు 200 మిల్లీలీటర్ల ఆయిలు పడుతుంది. లోపలి గొట్టం ఊడదీయడానికి వీలున్నదే గనుక ఏడాదికి ఒకసారైనా తీసి మసి గీకించండి.

ముందుగా కనబడే గుర్తులు

నట్టు ఊడేలోపు బండి మనకు చాలాసార్లు చెబుతుంది. చల్లటి ఇంజను మొదలుపెట్టగానే ముందువైపు నుండి ‘టప్ టప్’ అని, లేక ‘చుస్ చుస్’ అని శబ్దం. అతుకు చుట్టూ నల్లటి తడి జిడ్డు. యాక్సిలేటరు వదిలి దిగుడులో వస్తుంటే సైలెన్సర్లో చిన్న చిన్న పేలుళ్ళు. బండి పికప్ తగ్గడం. సైలెన్సర్ తోక పట్టుకుని మెల్లగా ఊపితే ముందు నట్టు దగ్గర కదలిక.

అనుమానం తీరాలంటే ఒక చిన్న పరీక్ష ఉంది. బండిని ఆరుబయట నిలబెట్టి, ఇంజను చల్లగా ఉన్నప్పుడే మొదలుపెట్టి, ఒక పలచటి కాగితం ముక్కను పటకారుతో పట్టుకుని అతుకు దగ్గరికి తీసుకుపోండి. కాగితం రెపరెపలాడితే గాలి తప్పించుకుంటున్నట్టే. చేయి పెట్టి చూడవద్దు. పైపు అర నిమిషంలోనే కాలుతుంది.

బిగించే పద్ధతి

ఇంజను పూర్తిగా చల్లారనివ్వండి. మొదట వెనక బోల్టు వదులు చేయండి. తర్వాత ముందు నట్టు విప్పండి. నట్టు పట్టేసి ఉంటే బలం చూపించవద్దు. మరల సందుల్లోకి పలచటి ఆయిలు వేసి ఒక రాత్రి వదిలేసి, తెల్లవారి మళ్ళీ ప్రయత్నించండి.

నట్టు మరలనూ, సిలిండరు మరలనూ వైరు బ్రష్షుతో, కిరసనాయిలుతో శుభ్రం చేయండి. మరల్లో మసి ఉంటే నట్టు బిగుసుకున్నట్టే అనిపిస్తుంది గాని అది మసి మీద బిగుసుకున్నది, వాషరు మీద కాదు. శుభ్రమైన మరలకు రాగి పొడి కలిపిన వేడి తట్టుకునే గ్రీజు కొంచెం పూయండి. మామూలు గ్రీజు మాడిపోయి మళ్ళీ మసే అవుతుంది.

వాషరు కొత్తది వేయడం మంచిది. రాగి వాషరు అయితే పాతదాన్నే మెత్తబరచి వాడుకోవచ్చు. పటకారుతో పట్టుకుని నిప్పుల మీద మందంగా ఎర్రబడే వరకూ కాల్చి నీళ్ళలో ముంచితే గట్టిపడిన రాగి మళ్ళీ మెత్తబడుతుంది. ఇనుము అలా ముంచితే గట్టిపడుతుంది, రాగి మెత్తబడుతుంది. మా బడి పిల్లలకు ఇది చేసి చూపిస్తే ఆశ్చర్యపోయేవారు. పాత రోజుల్లో ఆస్బెస్టాస్ తాడు చుట్టేవారు. ఆ నూగు ఊపిరితిత్తులకు హాని చేస్తుందని ఇప్పుడు అందరికీ తెలుసు గనుక దాన్ని వాడవద్దు. పాత బండి విప్పినప్పుడు లోపల అలాంటిది కనబడితే పొడిగా గీకి ఊదవద్దు. బాగా తడిపి తీసి, సంచిలో కట్టి పారేయండి.

పైపు మూతిని సిలిండరు మూతిలో సరిగ్గా కూర్చోబెట్టండి. వెనక సైలెన్సర్ రంధ్రం, ఛాసిస్ రంధ్రం ఏ బలవంతమూ లేకుండా ఎదురెదురుగా రావాలి. లాగి కట్టవలసి వస్తే పైపు వంకరపోయిందన్నమాట. ముందు దాన్ని సరిచేయించాలి. లాగి బిగించిన పైపు ఎప్పుడూ తన చోటికి పోవాలనే చూస్తుంది, పోతూ పోతూ నట్టును విప్పుకుంటుంది.

నట్టును మొదటి మూడు నాలుగు చుట్లు చేత్తోనే ఎక్కించండి. చేత్తో ఎక్కకపోతే మర అడ్డంగా పడిందని అర్థం. వెనక్కి తిప్పి మళ్ళీ మొదలుపెట్టండి. ఎదురుగా కూర్చుని చూస్తే గడియారం ముల్లు తిరిగే వైపు బిగుస్తుంది. తర్వాత సి-స్పానర్‌తో గట్టిగా బిగించి, ఆ తర్వాతనే వెనక బోల్టు బిగించండి. ఈ వరుస తప్పవద్దు: ముందు ముందుది, వెనక వెనకది.

పని ఇంతటితో అయిపోలేదు. బండిని పది నిమిషాలు నడిపి వేడెక్కించి, ఇంజను ఆపి, మందపాటి తోలు తొడుగు చేతికి వేసుకుని, వేడి మీదనే నట్టును మరొకసారి బిగించండి. ఇంకొంచెం తిరుగుతుంది. 50, 100 కిలోమీటర్లు నడిచాక మళ్ళీ ఒకసారి చూడండి. వాషరు అణిగి తన చోట కుదురుకునే వరకూ ఇలా రెండు మూడుసార్లు చూస్తే, ఆ తర్వాత చాలా నెలలు కదలదు. “నెల తిరగకుండా వదులవుతోంది” అని వ్రాసిన సహోదరుడు ఈ రెండవ బిగింపు వదిలేస్తున్నారేమోనని మా అనుమానం.

ఇంకా భయం ఉంటే నట్టు అంచుకు చిన్న బెజ్జం వేయించి, అందులోంచి స్టీలు తీగ దూర్చి ఛాసిస్‌కు కట్టవచ్చు. తీగ నట్టును బిగిసే వైపుకు లాగేటట్టు కట్టాలి. అటుదిటు అయితే తీగే నట్టును విప్పుతుంది.

చేయకూడనివి

ఉలి, సుత్తి పెట్టి నట్టును కొట్టడం ఎన్నో షెడ్లలో చూస్తాము. ఒకసారికి పని జరుగుతుంది గాని గాడులు విరుగుతాయి. మరోసారికి స్పానరు పట్టదు. సి-స్పానర్ పెద్ద ఖరీదు కాదు. కొని బండి పెట్టెలో వేసుకోండి. నీళ్ళ పైపులకు పెట్టే ఎపాక్సీ ముద్దను అతుకు మీద పూయవద్దు. ఆ వేడికి అది నిలవదు, తర్వాత మరల్లో ఇరుక్కుంటుంది. రేకు ముక్క చుట్టి దూర్చడం ఇల్లు చేరడానికి పనికివస్తుంది గాని ఇంట్లో స్థిరపడటానికి కాదు. అరిగిన మరల మీద మరీ బలంగా బిగించవద్దు. మిగిలిన ఆ రెండు మరలు కూడా పోతాయి. అటువంటి సిలిండరును లేతు పని తెలిసినవారి దగ్గరికి తీసుకుపోవాలి.

ఈ తంటా జావాకే పరిమితం కాదు. ఇంగ్లండులో 1967 నుండి 1977 వరకూ తయారైన నార్టన్ కమాండోకు కూడా ఇలాంటి గుండ్రటి నట్లే. అవి వదులై అల్యూమినియం హెడ్డులోని మరలను తినేస్తాయని అక్కడి బండి యజమానులకు బాగా తెలుసు. పేరున్న బండ్లకే తప్పనిది మన పాత జావాకు వచ్చిందని చిన్నబుచ్చుకోనక్కరలేదు. కొన్ని బండ్లకు నట్టుకు బదులు రెండు బోల్టుల పట్టీ ఉంటుంది. అక్కడ రెండు బోల్టులనూ ఒకదాని తర్వాత ఒకటి కొంచెం కొంచెంగా బిగించాలి. ఒక్కదాన్నే చివరికంటా బిగిస్తే పట్టీ వంగి, రెండవ పక్క గాలి పోతుంది.

ఇంటివారందరికీ రెండు మాటలు

మొదటిది పొగ గురించి. పల్లెల్లో దొంగల భయానికి, వానకు బండిని రాత్రి వసారాలోనో నడిమింట్లోనో పెట్టుకుంటాము. తెల్లవారి అక్కడే కిక్ కొట్టి, వేడెక్కేదాకా అలాగే ఉంచుతాము. పక్కనే పిల్లలు నిద్రపోతుంటారు. ఇంజను పొగలో కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. మన రక్తంలో ప్రాణవాయువును మోసే పదార్థానికి అది ప్రాణవాయువు కంటె 200 రెట్లకు పైగా గట్టిగా అంటుకుంటుంది. తలనొప్పి, కళ్ళు తిరగడం, వికారం వస్తాయి. నిద్రలో ఉన్నవారికి ఆ గుర్తులు కూడా తెలియవు. అతుకు బాగున్నా లేకున్నా మూసిన చోట ఇంజను నడపవద్దు. బండిని ముందు వాకిట్లోకి నెట్టి, అప్పుడు కిక్ కొట్టండి. ఎవరికైనా తల తిరిగితే వెంటనే ఆరుబయటికి తెచ్చి ఆసుపత్రికి తీసుకుపోండి.

రెండవది కాలిన గాయం. సైలెన్సర్ తగిలి పిల్లల కాళ్ళు, ఆడవారి పాదాలు కాలడం ప్రతి ఊళ్ళోనూ ఉన్నదే. కాలిన వెంటనే శుభ్రమైన చల్లటి నీళ్ళు ధారగా 20 నిమిషాలు పోయండి. మంచుగడ్డ పెట్టవద్దు. ఇంకు, టూత్ పేస్టు, పేడ, నూనె ఏదీ పూయవద్దు. బొబ్బ చిదమవద్దు. శుభ్రమైన గుడ్డ వదులుగా కప్పి డాక్టరుకు చూపించండి. ఆ రాత్రి కాలువ గట్టున మా శ్రీమతి చేసిన పని ఇదే. “నీళ్ళు పోయబట్టి గాయం లోతుకు పోలేదమ్మా, ఈసారి శుభ్రమైన నీళ్ళు పోయండి” అన్నారు డాక్టరుగారు. ఆమె, “ఈసారి ఉండదండీ” అన్నారు, మా వైపు చూస్తూ.

ముగించే ముందు

ఆ బండి ఇప్పటికీ మా ఇంట్లో ఉంది. మేము నడపడం మానేసి చాలా ఏళ్ళయింది. చిన్నవాడే దాన్ని చూసుకుంటాడు. సెలవులకు వచ్చినప్పుడు ముందు వెనక బోల్టు, తర్వాత ముందు నట్టు, ఆ వరుసలోనే చూస్తాడు. పోయిన సంక్రాంతికి వాడి కూతురు పక్కన కూర్చుని, “నాన్నా, నీ కాలి మీద అదేంటి?” అని అడిగింది. మేము వసారాలో కూర్చుని విన్నాము. ఏం చెబుతాడోనని గుండె కొట్టుకుంది.

“చిన్నప్పుడు బండి కాలింది తల్లీ” అన్నాడు వాడు. అంతే. తాతయ్య మూడు వారాలు వాయిదా వేశాడని చెప్పలేదు. తర్వాత ఆ పిల్ల చేతికి సి-స్పానర్ ఇచ్చి, నట్టు గాడిలో కొక్కెం ఎలా పట్టాలో చూపించాడు.

కాబట్టి సహోదరా, మీ నాన్నగారి బండిని జాగ్రత్తగా ఉంచుకోండి. ఈ ఆదివారం మధ్యాహ్నం ఒక గంట దానికి కేటాయించండి. వెనక బోల్టు చూడండి, వాషరు మార్చండి, చల్లగా ఒకసారి, వేడిగా ఒకసారి బిగించండి. బండి దగ్గితే అది ‘మామూలే’ అనే మాట నమ్మవద్దు. మరీ ముఖ్యంగా, ఇంట్లో ఎవరైనా “ఏమండీ, చూపించరాదూ?” అని అడిగితే, పేపర్లు దిద్దడం ఆపి ఆ రోజే చూపించండి. పేపర్లు మర్నాడు కూడా దిద్దవచ్చు.

వచ్చే నెల లాంతరు వత్తులు, గ్యాసు పొయ్యి గొట్టాల గురించి అడిగిన సోదరీమణులకు జవాబు వ్రాస్తాము. అంతవరకు సెలవు.